మచ్చ లేని ఆకు

కొండపి దాటాక, మాలకొండయ్య కౌలు చేలో
ఆరేళ్లు నేను మచ్చలు లెక్కపెట్టాను.
పని అదే, జీతం అందుకే.
సాలు మధ్య గొంతుక్కూచుని, ఆకు తిప్పి,
గుండుసూది తలంత గోధుమరంగు చుక్కలు
ఎన్ని, ఎక్కడ, ఏ తేదీన.

ఒక్కో చుక్క ఒక్కో చావు.
వైరస్ గడప తొక్కిన చోట
చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే ఎండిపోతాయి,
ఒక వామికి నిప్పంటుకుంటే
పక్క వామిని మనమే పీకి పారేసినట్టు.
దొంగ ఆ చుక్కలోనే చిక్కుతాడు.
మొక్క నడుమెత్తు పెరుగుతుంది.

ఈ తెలివి మన పొగాకుది కాదు.
వేలానికి నోచుకోని అడవి చుట్టం ఒకటి
ఇచ్చిన అరువు.
స్టేషన్ వెనక సిమెంటు తొట్లో ఉంటుంది,
జిగట ఆకులతో. ఎవరూ పలకరించరు.

తలలు తుంచే రోజున
సలోమి ముఠానంతా వరసలో నిలబెట్టి
పాలపొడి కలిపిన బకెట్టులో చేతులు ముంచమంటాను.
పాలు తగిలితే ఆ పురుగుకాని పురుగు
చేతుల్లోనే ఆగిపోతుందని.
"మా టీలోకి లేని పాలు
మీ చెట్టు కోసం చేతులకా" అని నవ్వేది సలోమి.
మోచేతుల దాకా ముంచేది.

గట్టు మీద మాలకొండయ్య మాత్రం
నోట్లో చుట్ట తీసేవాడు కాదు.
ఆ ఎండిన ఆకులో ఏళ్ల తరబడి కూచుని ఉంటుంది అది.
ఆకలి లేదు, దప్పిక లేదు.
బతికుందని రాస్తే తప్పు,
చచ్చిందని రాస్తే ఇంకా తప్పు.
"మా నాయన కాలంలో చుట్టకు లేని రోగం
ఇప్పుడొచ్చిందా" అనేవాడు.

ఏడో ఏడు.
మాఘంలోనే ఎండ ముదిరింది.
మూడో సాలు, పదకొండో మొక్క.
ఆకు తిప్పాను. ఒక్క చుక్క లేదు.
పక్క మొక్క. లేదు.
నున్నగా, బడి తెరిచిన రోజు నోటుపుస్తకంలా.
సున్న అని రాశాను.
పక్కన, నాకు అలవాటు లేని పని,
టిక్కు కూడా పెట్టాను.

సలోమి వంగి చూసింది.
"ఏందయ్యా, ఈ ఆకు ఏమీ అనడం లేదే?"
"అనకపోతే మంచిదే కదా."
"పసిబిడ్డ మంచం మీంచి పడి ఏడవకపోతే
మంచిదంటామా?"

నేను బండి తీశాను. కందుకూరులో పనుంది.

పది రోజులకి లేతాకుల్లో
పచ్చ, పసుపు, మళ్లీ పచ్చ,
చీకట్లో ఎవరో కుట్టిన బొంతలా.
మచ్చ లేని ఆకుల్లోంచే నడిచిపోయింది,
వేళ్ల దాకా, పిలకల దాకా,
ఎవరి నిద్రా చెడగొట్టకుండా.

తర్వాత హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది.
ఆరువేల చిల్లర అక్షరాల్లో
ఒకటి మారిందట.
కాపు అని ఉండాల్సిన చోట కాటు.
కాపలావాడికి చదవడం వచ్చింది పాత మాట ఒక్కటే.
కొత్త మాట ఎదురుగా నడిచొచ్చినా
దారిన పోయే బాటసారి అనుకున్నాడు.

వాణ్ణి ఏమనను?
సున్న పక్కన టిక్కు నాది.
కొండపి నుంచి టంగుటూరు దాకా
ఆరేళ్లూ ఒకటే విత్తనం పోయించిందీ మేమే,
ఒకటే తలుపు, ఒకటే కాపలా.
కోట్లసార్లు తప్పు రాసుకుంటూ పోయేవాడికి
ఏదో ఒక తప్పు ఒప్పవకుండా ఉంటుందా?

మాలకొండయ్య తిట్టలేదు.
బ్యారన్ కోసం తోలించిన కట్టెలో సగం
వచ్చిన ధరకి అమ్మేశాడు.
పీకిన మొక్కలు గుంటలో వేసి
సలోమి మళ్లీ పాల బకెట్టు దగ్గరికి నడిచింది.
"ఇంకెందుకు?" అన్నాను.
"రేపు వేరే చేలో పనయ్యా."

ఇవాళ పొద్దున తొట్టి దగ్గరికి వెళ్లాను.
జిగట ఆకు వేలికి అంటుకుని వదల్లేదు.
ఇంకో మాట ఏదైనా దాచావా అని
ఏ ముఖంతో అడగాలో తెలీక
చెంబెడు నీళ్లు పోసి వచ్చేశాను.